లెక్కకు రాని పని: మోవా మార్టిన్‌సన్ జీవితం, సాహిత్యం

కూలి కుటుంబాల్లో పుట్టి, నాలుగు అక్షరాలు నేర్చుకోగానే పనిలోకి దిగి, ఆ పని గురించే నవలలు రాసినవాళ్లు చాలా దేశాల్లో ఉన్నారు. అయితే అలాంటి రచయితలు ఒకరిద్దరుగా కాక ఒక తరంగా వచ్చి, దేశ సాహిత్యానికి అంచున కాక నడిమధ్యన నిలబడిన సందర్భం స్వీడన్‌లో కనిపించినంత స్పష్టంగా మరెక్కడా కనిపించదు. 1930లలో వెలుగులోకి వచ్చిన ఆ తరంలో ఓడల్లో బొగ్గు వేసినవాళ్లు, జమీందారీ వ్యవసాయక్షేత్రాల పాకల్లో పెరిగినవాళ్లు, రంపపు మిల్లుల్లో పనిచేసినవాళ్లు ఉన్నారు. వారిలో ఇద్దరు, అయివింద్ యోన్సన్, హారీ మార్టిన్‌సన్, 1974లో సాహిత్యానికి నోబెల్ బహుమతిని పంచుకున్నారు. స్వీడిష్ సాహిత్యచరిత్రకారులు ఈ ధారను శ్రామిక సాహిత్యం అంటారు. కార్మికుల గురించి ఎవరు రాసినా దానికి ఆ పేరు చెల్లదు. కార్మిక జీవితంలోంచి వచ్చినవాళ్లు, ఆ జీవితాన్ని లోపలినుంచి, ఆ వర్గపు పాఠకులను కూడా మనసులో ఉంచుకుని రాసిన సాహిత్యానికే అది వర్తిస్తుంది. దాదాపు అందరూ పురుషులే అయిన ఆ తరంలో వారితో సమానంగా పాఠకులను సంపాదించి, వారికన్నా ఆలస్యంగా విమర్శకుల గౌరవం పొందిన స్త్రీ మోవా మార్టిన్‌సన్ (1890–1964).

ఆమె సమకాలికులైన పురుషులు నవలకు నాయకుడు ఎవరు కావచ్చు అన్న ప్రశ్నను మార్చారు. పాలేరు, నావికుడు, దేశదిమ్మరి నవలానాయకులయ్యారు. మోవా మార్టిన్‌సన్ అంతకన్నా లోతైన ప్రశ్నను కదిలించింది: పని అంటే ఏది? కూలి లెక్కలో ఎక్కనిది, సంఘం సభ్యత్వ పుస్తకంలో కనిపించనిది, సమ్మె ప్రకటించడానికి వీలులేనిది అయిన శ్రమను, అంటే బిడ్డను కనడం, పాలిచ్చి పెంచడం, గడ్డకట్టే నీళ్లలో బట్టలు ఉతకడం, ఏటా ఒక కొత్త పాకను ఇల్లుగా మార్చడం వంటి పనులను, ఆమె శ్రామిక నవలకు కేంద్రవస్తువు చేసింది. ఈ ఉపన్యాసం ఆమె జీవితాన్ని, రచనలను ఈ ఒక్క విషయం చుట్టూ పరిశీలిస్తుంది.

ఆమె అసలు పేరు హెల్గా మరియా స్వార్ట్స్. 1890 నవంబరు 2న దక్షిణ స్వీడన్‌లోని ఓస్టర్‌యోట్లాండ్ ప్రాంతంలో, వోర్డ్‌నేస్ అనే గ్రామీణ పారిష్‌లో పుట్టింది. పారిష్ అంటే ఒక చర్చి పరిధిలోని ఊళ్ల సముదాయం. ఆ రోజుల్లో జనన మరణాల నమోదు, పేదల పోషణ, బడుల నిర్వహణ చాలావరకు దాని చుట్టూనే నడిచేవి. తల్లి క్రిస్టీనా పెళ్లికాని పనిమనిషి. తండ్రి పేరు లేకుండా పుట్టిన బిడ్డ అన్న ముద్ర అప్పటి గ్రామసమాజంలో తల్లినీ బిడ్డనూ కలిపి వెంటాడేది. ఆ అవమానం, దాన్ని తలవంచకుండా మోసిన తల్లి పొగరు, రెండూ తర్వాతి నవలల్లోకి ప్రవహించాయి. తల్లి కొంతకాలం నార్‌షోపింగ్ నగరంలోని బట్టల మిల్లుల్లో పనిచేసింది. మోతాలా నది జలపాతాల శక్తితో నడిచిన మిల్లుల వల్ల ఆ నగరాన్ని స్వీడన్ మాంచెస్టర్ అని పిలిచేవారు. ఆ మిల్లుల్లో మగ్గాల దగ్గర నిలబడినవారిలో ఎక్కువమంది స్త్రీలు కావడం వల్ల, ఆడవాళ్ల కూలి అనేది ఆ నగరంలో దాచినా దాగని వాస్తవం.

తల్లి పెళ్లాడిన వ్యక్తి స్టాటారె. ఈ మాటకు వివరణ లేకుండా మోవా సాహిత్యం అర్థం కాదు. స్టాటారె అంటే పెద్ద ఎస్టేట్లలో ఏడాది కరారు మీద పనిచేసే పెళ్లయిన వ్యవసాయ కూలీ. వాళ్లకు కూలి ఎక్కువభాగం వస్తురూపంలో ముట్టేది: రై ధాన్యం, పాలు, బంగాళాదుంపలు, ఉప్పుచేప, వంటచెరకు, ఉండడానికి బారులుగా కట్టిన ఇళ్లలో ఒక గది, ఒక వంటిల్లు. చేతికి వచ్చే నగదు కొద్దిపాటిది. కరారు అక్టోబరు నెలాఖరులో ముగిసేది. అప్పుడు దొరికే వారం రోజుల సెలవులో వేలాది కుటుంబాలు బండిమీద మంచాలు, మూటలు, పిల్లలు వేసుకుని ఒక ఎస్టేటు నుంచి ఇంకో ఎస్టేటుకు తరలేవి. యజమాని మారితే బతుకు కొంచెం బాగుపడుతుందన్న ఆశ ఒక్కటే ఆ వలసకు కారణం. ఆ ఆశ చాలాసార్లు మరుసటి అక్టోబరు దాకా కూడా నిలిచేది కాదు. పిల్లలకు స్నేహితులు, బడి, ఊరు అన్నవి ఏటేటా మారిపోయేవి.

ఈ వ్యవస్థలో భార్య స్థానం ప్రత్యేకంగా గమనించదగినది. కరారు మగవాడి పేరుమీద ఉండేది గాని చాలా ఎస్టేట్లలో అతని భార్య యజమాని ఆవులకు పాలు పితకాలన్న షరతు ఆ కరారులోనే కలిసి ఉండేది. తెల్లవారకముందే పశువుల కొట్టానికి వెళ్లాలి, ఆదివారం లేదు, పండుగ లేదు, నిండు నెలలైనా మినహాయింపు అరుదు. ఆమె లేచి వెళ్లాక చిన్నపిల్లలు తాళం వేసిన గదిలో ఏడుస్తూ ఉండేవారు. ఈ నిర్బంధ పాలపనిని ఆ రోజుల్లో తెల్ల కొరడా అన్నారు. స్టాటారె వ్యవస్థను సాహిత్యంలో అందరికన్నా విస్తృతంగా చిత్రించిన ఈవార్ లూ-యోహాన్సన్ కూడా ఈ తెల్ల కొరడా గురించి రాశాడు, దానికి వ్యతిరేకంగా పోరాడాడు. రైతుకూలీల సంఘానికీ యజమానుల సంఘానికీ కుదిరిన ఒప్పందం వల్ల 1945లో ఆ వ్యవస్థ రద్దు కావడానికి అతని పుస్తకాలు, యాన్ ఫ్రీడెగోర్డ్ పుస్తకాలు, మోవా పుస్తకాలు కలిసి సిద్ధం చేసిన ప్రజాభిప్రాయం కూడా ఒక బలమైన కారణం. ఒక సాహిత్యధార తాను వర్ణించిన దోపిడీ అంతమవడాన్ని కళ్లారా చూడగలగడం ప్రపంచంలో తరచుగా జరగలేదు.

అలా ఇల్లు మారుతూ, బడి మారుతూ గడిచిన బాల్యం తర్వాత హెల్గా పనిలో చేరింది. హోటళ్ల వంటశాలల్లో చల్లని వంటకాలు, అలంకరించిన మాంసపు పళ్లేలు సిద్ధం చేసే నేర్పు అప్పట్లో ఒక ప్రత్యేక వృత్తి. పదిహేనేళ్ల ప్రాయంలోనే ఆమె ఆ వృత్తి నేర్చుకుంది. 1906లో నార్‌షోపింగ్‌లో జరిగిన పెద్ద కళా పరిశ్రమల ప్రదర్శన సందర్భంగా పనిచేసింది. ప్రదర్శన ముగిసి, ఆర్థిక మాంద్యం రాగానే ఆ నేర్పుకు గిరాకీ పోయింది. 1909లో స్వీడన్ అంతటా దాదాపు మూడు లక్షలమంది కార్మికులు పాల్గొన్న మహాసమ్మె విఫలమైంది. ఆ ఓటమి తర్వాతి నిరాశలో, పంతొమ్మిదేళ్ల వయసులో, ఆమె కార్ల్ యోహాన్సన్ అనే రాతిపనివాణ్ణి పెళ్లాడి స్టాక్‌హోమ్‌కు దక్షిణాన సోరుండా ప్రాంతపు అడవిలో ఉన్న యోహన్నెస్‌డాల్ అనే చిన్న కుటీరానికి చేరింది. 1916 నాటికి ఆమెకు ఐదుగురు కొడుకులు.

ఐదుగురు కొడుకులన్న ఆ వాక్యం వెనుక ఒక చట్టం ఉంది. 1910లో స్వీడిష్ పార్లమెంటు గర్భనిరోధక సాధనాల ప్రచారాన్ని, బహిరంగ ప్రదర్శనను నేరంగా ప్రకటించింది. ఆ నిషేధం 1938 దాకా అమలులో ఉంది. చదువుకున్న కుటుంబాలకు డాక్టర్ల ద్వారా తెలిసే విషయాలు కూలి కుటుంబాల ఆడవాళ్లకు తెలియకుండా ఉంచడమే ఆచరణలో ఆ చట్టం సాధించిన ఫలితం. దానికి ఎదురుగా ఊరూరా తిరిగి ప్రసంగాలు చేసిన ఎలీసె ఒట్టెసెన్-యెన్సెన్ అనే నార్వేజియన్ పాత్రికేయురాలు 1933లో లైంగిక విద్య కోసం ఒక జాతీయ సంస్థను నెలకొల్పింది. ఆమె, మోవా ఒకే పత్రికలో రాసినవాళ్లు. మోవా మొదటి నవల వెలువడింది కూడా 1933లోనే. ఈ రెండు ఘటనలను పక్కపక్కన పెట్టి చూడకపోతే, ప్రసవాల గురించి, అనుకోని గర్భాల గురించి, పుట్టి చనిపోయిన పసికందుల గురించి మోవా ఎందుకు అంత పట్టుదలగా రాసిందో పూర్తిగా బోధపడదు. ఆమెకు అవి వ్యక్తిగత దుఃఖాలు మాత్రమే కావు, చట్టం పేదలమీద మోపిన భారాలు కూడా.

1920ల ఆరంభంలో ఆమె కార్మికోద్యమంలోకి వచ్చింది. సిండికలిస్టులు, అంటే పార్టీల ద్వారా కాక కార్మిక సంఘాల ప్రత్యక్ష చర్య ద్వారానే సమాజాన్ని మార్చాలని నమ్మినవాళ్లు, 'ఆర్బేతారెన్' అనే పత్రికను నడిపేవారు. దాని పేరుకు కార్మికుడు అని అర్థం. 1922 నుంచి ఆమె అందులో రాసింది. ఇంట్లో అందరూ పడుకున్నాక దొరికే రాత్రి గంటలే ఆమెకు చదువుకునే కాలం, రాసుకునే కాలం. డెన్మార్క్ రచయిత మార్టిన్ ఆండర్సన్ నెక్సో నవలలు, గోర్కీ రచనలు ఆమె తరం కార్మిక పాఠకులందరికీ పాఠశాలలు. స్వీడన్‌లో ఆ కాలానికే కార్మిక గ్రంథాలయాలు, 1912లో స్థాపించిన కార్మిక విద్యాసంఘం, చదువు మానేసినవాళ్ల కోసం ఊళ్లలో నడిచే జానపద ఉన్నత పాఠశాలలు ఉండడం వల్ల, బడి చదువు లేనివారు సైతం సాహిత్యంతో సంబంధం తెగకుండా ఉండగలిగారు. ఆ సంస్థలు లేకుండా ఈ తరమే లేదు. వ్యక్తిగత ప్రతిభను ఎంత గౌరవించినా ఈ విషయం మరువరానిది.

1925 వసంతంలో, కరగడం మొదలైన సరస్సు మంచు విరిగి, ఆమె చిన్న కొడుకులిద్దరూ మునిగిపోయారు. 1928 ఆరంభంలో భర్త ఆత్మహత్య చేసుకున్నాడు. ఆమె జీవితచరిత్రలు రాసినవారిలో కొందరు ఈ రెండు విషాదాలనూ రచనకు మూలకారణంగా చూపారు. ఆ వాదాన్ని పూర్తిగా ఒప్పుకోవడం కష్టం, ఎందుకంటే ఆమె అంతకు ముందే రాస్తున్నది, అంతకు ముందే చదువుతున్నది. దుఃఖం ఆమెను రచయితగా చేయలేదు. రచయితగా మారుతున్న మనిషిని దాదాపు ఆపేసింది. ఆమెను మళ్లీ నిలబెట్టినవి స్నేహాలు.

ఆ స్నేహాల్లో ముఖ్యమైనది ఫోగెల్‌స్టా బృందం. స్వీడన్‌లో స్త్రీలు తొలిసారి పార్లమెంటు ఎన్నికల్లో ఓటు వేసింది 1921లో. అప్పుడు గెలిచిన తొలి ఐదుగురు స్త్రీ సభ్యుల్లో ఒకరైన ఎలిసబెత్ తమ్ తన ఫోగెల్‌స్టా ఎస్టేటులో, నవలాకర్త ఎలిన్ వేగ్నెర్, వైద్యురాలు అడా నిల్సన్, విద్యావేత్త హోనోరీన్ హెర్మెలిన్ తదితరులతో కలిసి ఒక స్త్రీల పౌరవిద్యాలయం నడిపింది. అక్కడ కౌంటెస్ కుమార్తె, మిల్లు కూలీ ఒకే బల్ల దగ్గర కూర్చుని చట్టం, ఆర్థికం, నగరపాలన చర్చించేవారు. మోవా 1928లో అక్కడ చదువుకుంది. ఆ బృందపు వారపత్రిక 'తీదెవార్వెత్'లో రాసింది. కార్మికోద్యమం ఆమెకు వర్గం గురించి మాట్లాడే భాష ఇచ్చింది, ఫోగెల్‌స్టా ఆడవాళ్ల హక్కుల గురించి మాట్లాడే భాష ఇచ్చింది. రెండింటిలో ఏదీ ఆమెకు పూర్తిగా సరిపోలేదు. కార్మికోద్యమపు పురుషులకు ప్రసవం రాజకీయ విషయం కాదు, ఫోగెల్‌స్టా పెద్దింటి స్త్రీలలో ఎక్కువమందికి ఆకలి స్వానుభవం కాదు. ఈ రెండింటి మధ్య మిగిలిపోయిన ఖాళీలోనే ఆమె నవలలు పుట్టాయి.

ఆమె కలంపేరు మోవా కూడా ఈ కాలానిదే. డెన్మార్క్ నవలాకారుడు యోహన్నెస్ వి. యెన్సెన్ మంచుయుగం గురించి రాసిన 'హిమానీనదం' నవలలోని ఆదిమాత పాత్ర నుంచి ఆమె ఆ పేరు తీసుకుంది. 1929 అక్టోబరులో ఆమె తనకన్నా పద్నాలుగేళ్లు చిన్నవాడు, నావికుడు, కవి అయిన హారీ మార్టిన్‌సన్‌ను పెళ్లాడింది. అదే ఏడాది వెలువడిన 'ఐదుగురు యువకులు' అనే కవితా సంకలనం ద్వారా హారీ, ఆర్టుర్ లుండ్‌క్విస్ట్, మరి ముగ్గురు స్వీడిష్ ఆధునికతకు ప్రతినిధులయ్యారు. క్షయతో బాధపడుతున్న హారీకి యోహన్నెస్‌డాల్ కుటీరం ఆశ్రయం, మోవా సంరక్షకురాలు. అదే సమయంలో ఆ ఇల్లు ఇద్దరు రచయితల పనిశాల కూడా. 1934లో ఇద్దరూ కలిసి మాస్కోలో జరిగిన సోవియట్ రచయితల తొలి మహాసభకు వెళ్లారు; హారీ భ్రమ తొలగి తిరిగివచ్చాడు, మోవాకు సోవియట్ దేశం మీద ఆశ అంత త్వరగా పోలేదు. 1940లో వారి పెళ్లి ముగిసింది. 1949లో హారీ స్వీడిష్ అకాడెమీ సభ్యుడయ్యాడు. మోవా ఆ మరుసటి ఏడాది 'ఒక కవిని కలుసుకున్నాను' అనే జ్ఞాపకాల పుస్తకం ప్రచురించింది. చాలాకాలం సాహిత్యచరిత్రలు ఆమెను హారీ కథలో ఒక అధ్యాయంగా చూపాయి. ఆమె సంతోషంగా చదవదగిన స్వతంత్ర రచయిత అన్న విషయం ఆ అధ్యాయపు అడుగున మరుగున పడిపోయింది.

తొలి నవల 'స్త్రీలూ ఆపిల్ చెట్లూ' గురించి కొంత నెమ్మదిగా మాట్లాడవలసి ఉంది. ఆ నవల పూర్వతరానికి చెందిన ఇద్దరు గ్రామీణ స్త్రీలతో మొదలవుతుంది. ఇద్దరూ యవ్వనం దాటినవాళ్లు, అనేక కాన్పులు చూసినవాళ్లు. వాళ్లు వారానికొకసారి కలిసి వేడినీళ్లతో ఒళ్లంతా కడుక్కుని స్నానం చేయాలని నిర్ణయించుకుంటారు. వాళ్లు చేసిన తిరుగుబాటు అంతే. ఊరు దాన్ని వింతగా, తర్వాత తప్పుగా, చివరికి పాపంగా చూస్తుంది. శరీరం అంటే పనికీ, కాన్పులకూ మాత్రమే అన్న సమాజంలో ఇద్దరు ఆడవాళ్లు తమ శరీరాలను తమ సుఖం కోసం గంటసేపు తాము తీసుకోవడం ఎంత పెద్ద ధిక్కారమో మోవా ఒక్క సిద్ధాంతవాక్యం కూడా లేకుండా చూపగలిగింది. ఆవిరి, వేడినీళ్లు, నవ్వులు, మాటలు అన్నీ ఆ అధ్యాయంలో ఉన్నాయి. స్వీడిష్ గద్యంలో పేద స్త్రీ శరీరం జాలికో, కోరికకో వస్తువుగా కాక, తనకు తాను చెందినదిగా కనిపించిన తొలి దృశ్యాల్లో ఇది ఒకటి.

అక్కడినుంచి నవల ఆ స్త్రీల వంశంలోని తర్వాతి తరానికి, ఇరవయ్యో శతాబ్దపు సాలీ, ఎల్లెన్ అనే ఇద్దరు స్త్రీల కథకు దూకుతుంది. నగరం, మిల్లు, కూలి, తాగుబోతు మగవాళ్లు, పిల్లలు, అడవిలో కుటీరం, సంఘం సభలు, ఇవన్నీ వరుస తప్పి, ఒకదానిలోకి ఒకటి చొచ్చుకుని వస్తాయి. ప్రసవాన్ని మోవా నొప్పి, భయం, చలిగది, పక్కన ఎవరూ లేకపోవడం సహా వర్ణించింది. అంతవరకు నవలల్లో ప్రసవం తలుపు అవతల జరిగేది. భర్త వరండాలో పచార్లు చేస్తుండగా ఏడుపు వినిపించేది. మోవా పాఠకుణ్ణి తలుపు ఇవతలకు తెచ్చి నిలబెట్టింది. మరుసటి ఏడాది వచ్చిన 'సాలీ కొడుకులు' ఆ కథను కొనసాగించింది.

ఈ వర్ణనలకు మరో సందర్భం కూడా ఉంది. 1930ల స్వీడిష్ యువకవులు, ముఖ్యంగా లుండ్‌క్విస్ట్, డి. హెచ్. లారెన్స్ ప్రభావంతో ఆదిమవాదాన్ని ప్రచారం చేశారు. నాగరికత అణచివేసిన సహజప్రవృత్తులకు, కామానికి, భూమికి తిరిగి వెళ్లాలన్నది ఆ వాదం. అందులో స్త్రీ భూమి, స్త్రీ వసంతం, స్త్రీ జీవధార. సాహిత్యచరిత్రకారిణి ఎబ్బా విట్-బ్రాట్‌స్ట్రోమ్ 1988 నాటి తన పరిశోధన గ్రంథంలో మోవాను ఈ వాతావరణం మధ్యన ఉంచి చదివి, ఆమె ఆ యువకవులకు వెలుపలి మనిషి కాదని, వారితో వాదులాడుతున్న సహభాషిణి అని చూపింది. మోవా కూడా దేహాన్ని, కోరికను గౌరవించింది. కాని ఆమె స్త్రీ పొద్దున లేచి పొయ్యి రాజేయవలసిన మనిషి. వసంతరాత్రి ముగిసిన తొమ్మిది నెలలకు ఏం జరుగుతుందో, ఆ బిడ్డకు పాలు ఎక్కడినుంచి వస్తాయో ఆ యువకుల కవితల్లో లేని విషయం. ఆ మిగిలిన కథను ఆమె నవలలు పూర్తిచేశాయి.

1936లో వచ్చిన 'అమ్మ పెళ్లి చేసుకుంటోంది' ఆమె అత్యుత్తమ నవల. 'చర్చి పెళ్లి' (1938), 'రాజుగారి గులాబీలు' (1939) దానికి కొనసాగింపులు. మూడూ కలిసి మియా అనే అమ్మాయి బాల్యం నుంచి యవ్వనం వరకు సాగే కథ. మొదటి నవలలో మియా తన తల్లి హెడ్విగ్ పెళ్లిని, సవతితండ్రి ఆల్బర్ట్‌ను, ఆ పెళ్లి తర్వాతి ఇళ్ల మార్పులను తన కళ్లతో చూసి తన గొంతుతో చెబుతుంది. ఆ గొంతు ఈ నవల సాధించిన పెద్ద విజయం. పిల్లకు అన్నీ కనిపిస్తాయి గాని అన్నీ అర్థం కావు. తల్లి నడుము ఎందుకు లావెక్కుతోందో, తల్లి ఎందుకు పొద్దున్నే వాంతి చేసుకుంటుందో, ఆల్బర్ట్ ఎందుకు రెండు రోజులుగా ఇంటికి రాలేదో పిల్లకు ఎవరూ చెప్పరు. పాఠకుడికి తెలిసిన విషయం, పిల్లకు తెలియని విషయం, ఈ రెండింటి మధ్య దూరంలో నవల జాలిని, హాస్యాన్ని ఒకేసారి సాధిస్తుంది. పుట్టిన పసివాళ్లు చనిపోతారు, తల్లి లేచి మళ్లీ పనికి వెళుతుంది. శోకించడానికి సమయం కావాలి, ఆ సమయం కూలివాళ్లకు లేదన్న సంగతి ఆ నవల ఎక్కడా వ్యాఖ్యానంగా చెప్పదు.

హెడ్విగ్ పాత్రలో పేదరికంతో పాటు పరువు కూడా ఉంటుంది. కొత్త పాకలోకి చేరిన రోజునే గోడలు కడిగి, కిటికీకి తెర కట్టే ఆ స్త్రీ పట్టుదల మధ్యతరగతి అనుకరణ కాదు. తనను మనిషిగా చూడని లోకం ముందు మనిషిగా నిలబడే పద్ధతి. ఏటా విడిచి వెళ్లిపోయే గదిని ఏటా ఇల్లుగా మార్చడం స్టాటారె జీవితంలో అందరికన్నా ఎక్కువగా అలసటపెట్టే శ్రమ. ఈవార్ లూ-యోహాన్సన్ స్టాటారె ఇళ్లను సమూహంగా, బారులుగా, ఒక వర్గపు ఆవాసాలుగా చూశాడు. మోవా వాటి లోపలికి వెళ్లి, ఒక్కొక్క గదిని ఒక్కొక్క స్త్రీ చేతులు ఎలా మార్చాయో చూసింది. రెండు చూపులూ అవసరమైనవే. అయితే సాహిత్యచరిత్రలో మొదటిది సామాజిక నవలగా, రెండోది ఇంటి కథగా నమోదు కావడం న్యాయం కాదు.

ఈ త్రయాన్ని చాలాకాలం సూటిగా ఆత్మకథగా చదివారు. చర్చి రిజిస్టర్లతో, ఇతర ఆధారాలతో పోల్చి చూసిన పరిశోధకులు నవలకూ జీవితానికీ మధ్య గణనీయమైన తేడాలు గుర్తించారు. ఆ తేడాలను అబద్ధాలుగా లెక్కించనవసరం లేదు. కార్మికుల రచనలు పత్రాలుగా మాత్రమే చెల్లుతాయని, కల్పించే హక్కు, ఎంచుకునే హక్కు, కుదించే హక్కు పైతరగతి రచయితలదేనని భావించడంలో ఒక అన్యాయం ఉంది. మియా ఒక కల్పిత పాత్ర, ఆమె గొంతు ఒక కళాసృష్టి.

మోవా నవలలకు రూపం లేదని, కథ దారి తప్పుతుందని, మాటకు మాట తగులుకుని ఎక్కడికో పోతుందని ఆమె కాలపు విమర్శకులు పలుమార్లు అన్నారు. ఆ ఆక్షేపణలో కొంత నిజం ఉంది. అవసరాల కోసం త్వరత్వరగా రాసిన తర్వాతి పుస్తకాల్లో కొన్ని నిజంగా వదులుగా ఉంటాయి. కాని మంచి నవలల్లో ఆ దారి తప్పడం వేరే రకమైనది. ఉతుకుడు రేవు దగ్గర, పాల కొట్టంలో, వంటింటి బల్ల చుట్టూ ఆడవాళ్లు కథ చెప్పే పద్ధతి అది: ఒకరి పేరు రాగానే ఆమె తల్లి కథ, ఆ తల్లి కాన్పు, ఆ ఏడాది పంట, ఆ పంట పోయినందువల్ల అమెరికాకు వలసపోయిన తమ్ముడు, అన్నీ వస్తాయి. ఎవరూ రాసిపెట్టని చరిత్ర ఆ మాటల్లోనే భద్రంగా ఉంటుంది. చర్చి రిజిస్టరులో ఒక వాక్యంగా మిగిలిన స్త్రీకి, ఆ కబుర్లలో ఒక ముఖం, ఒక స్వభావం ఉన్నాయి. మోవా ఆ మౌఖిక చరిత్ర పద్ధతిని నవలారూపంగా నిలబెట్టే ప్రయత్నం చేసింది.

ఆ ప్రయత్నపు విస్తృతి ఓస్టర్‌యోట్లాండ్ రైతాంగ చరిత్రమీద ఆమె రాసిన 'నక్షత్రాల కింద దారి' (1940), 'నిప్పు లిల్లీలు' (1941), 'జీవిత ఉత్సవం' (1949) నవలల్లో తెలుస్తుంది. 'అపసవ్యం' (1937) ఆమె ఏకైక కవితా సంపుటి. 1940ల నుంచి ఆమె దేశమంతా తెలిసిన ప్రజామూర్తి. కార్మికోద్యమపు 'ఫోల్కెత్ ఇ బిల్డ్' పత్రిక, పనిచేసే చోట్ల ప్రతినిధుల ద్వారా కారుచౌకగా పుస్తకాలు అమ్మే పద్ధతి ప్రవేశపెట్టినప్పుడు, పుస్తకాల దుకాణంలో ఎన్నడూ అడుగుపెట్టని ఇళ్లకు ఆమె నవలలు చేరాయి. ఆ ప్రజాదరణే విమర్శకుల దృష్టిలో ఆమెకు ప్రతికూలమైంది. గట్టిగా మాట్లాడే, సభల్లో నవ్వించే జానపద మాత అన్న చిత్రం స్థిరపడి, ఆ చిత్రం వెనుక గద్యశిల్పిని చూడడం కష్టమైంది. 1964 ఆగస్టు 5న సోరుండాలో ఆమె మరణించింది. అక్కడి చర్చి ఆవరణలోనే ఆమె సమాధి ఉంది.

1970ల స్త్రీవాద ఉద్యమం ఆమెను మళ్లీ చదివించింది. 1979లో 'అమ్మ పెళ్లి చేసుకుంటోంది' టెలివిజన్ ధారావాహికగా వచ్చింది. 1986లో ఆండెర్స్ వాల్‌గ్రెన్ ఆమె జీవితాన్ని 'మోవా' పేరుతో సినిమాగా తీశాడు. 1980లలో రెండు నవలలు ఇంగ్లీషులోకి వెళ్లాయి. 1989 నుంచి ఆమె పేరుమీద, ఆమె స్ఫూర్తితో రాసేవారికి ఒక పురస్కారం ఇస్తున్నారు. నార్‌షోపింగ్ పాత మిల్లుల ప్రాంతంలో ఆమె విగ్రహం ఉంది. ఆ మిల్లుల్లో ఒకదానిలో 1991 నుంచి శ్రమ మ్యూజియం నడుస్తోంది.

ఈ గుర్తింపులకన్నా ముఖ్యమైనది రచనల్లో కొనసాగిన ధార. ఆ ధార మోవాతో మొదలుకాలేదు. స్టాక్‌హోమ్ కుట్టుపనివాళ్ల జీవితాలను 1908 నుంచే కథలుగా రాసిన మరియా సాండెల్ ఆమెకు ముందు నడిచింది. మోవా తర్వాత కెర్స్టిన్ ఎక్‌మన్ 1974లో మొదలుపెట్టిన నవలామాలికలో ఒక రైల్వే పట్టణపు పుట్టుకను అక్కడి పనిమనుషులు, హోటళ్ల స్త్రీలు, బట్టలుతికే స్త్రీల వైపునుంచి చెప్పింది. ఇంజనీర్లు వేసిన పట్టాలతో పాటు ఆ పట్టణాన్ని ఎవరి చేతులు నిలబెట్టాయో లెక్కించే ఆ చూపుకు మూలం మోవా నవలల్లో ఉంది. 2006లో సుసన్నా అలకోస్కి తొలి నవల వచ్చింది. 1960లు, 70లలో ఫిన్‌లాండ్ నుంచి వలసవచ్చి దక్షిణ స్వీడన్‌లోని ప్రభుత్వ గృహసముదాయంలో స్థిరపడిన కుటుంబపు కథ అది. కొత్త ఫ్లాటులోకి చేరిన ఆనందం, ఆ ఫ్లాటును తళతళలాడేలా ఉంచే తల్లి, తాగుడు క్రమంగా ఆ ఇంటిని మింగేయడం, అన్నీ చూస్తూ ఉండే చిన్నపిల్ల గొంతు ఆ నవలలో ఉన్నాయి. స్టాటారె పాకలు పోయి సంక్షేమరాజ్యపు ఫ్లాట్లు వచ్చాయి, ఓస్టర్‌యోట్లాండ్ మాండలికం స్థానంలో ఫిన్నిష్ యాస వచ్చింది. ఇంటిపనిని, తల్లి అలసటను, పిల్ల కాపలాను శ్రామిక చరిత్రగానే రాయాలన్న నిర్ణయం మాత్రం 1930లలో మోవా తీసుకున్నదే.